యానాం ఇళ్ళల్లో వైఫై: రేడియో లైసెన్సు నుంచి రెండో డబ్బా దాకా



ఈ మధ్య మన గ్రూపులో వారానికి రెండుసార్లైనా ఒకటే ప్రశ్న కనిపిస్తోంది. "ముందు గదిలో నెట్ బాగానే వస్తోందండీ, వెనక గదిలో రావట్లేదు, ఏ రూటర్ కొనమంటారు?" దాని కింద పది జవాబులు, పది కంపెనీల పేర్లు. ఎనిమిది వేలు పోసి ఆరు కొమ్ముల డబ్బా తెచ్చుకున్నవాళ్ళు మనలో ఉన్నారు. ప్లగ్గులో గుచ్చే రిపీటర్ తెచ్చుకుని నెల తిరక్కుండా అటకెక్కించినవాళ్ళూ ఉన్నారు. పెన్షను డబ్బుతో ఇల్లు నడుపుకునే ఒక పెద్దాయనకి ఓ దుకాణంలో ఒకటి చాలదని మూడు రిపీటర్లు అంటగట్టారు. దుకాణం పేరు ఇక్కడ అనవసరం. ఆయన మనవరాలు ఇప్పటికీ అరుగు మీద కూర్చునే ఆన్‌లైన్ పరీక్ష రాస్తోంది.

ఏదో ఒక కంపెనీ పేరు చెప్పి ఊరుకోవడం మాకు నచ్చలేదు. ఒకప్పుడు మధ్యతరగతి ఇంటికి అందని ఈ వస్తువు ఇవాళ పదిహేను వందలకి ఎలా దిగింది, దిగినా మన వెనక గదికి ఎందుకు చేరట్లేదు, ఈ రెండూ తెలిస్తే దుకాణంలో ఎవరేం చెప్పినా మోసపోం. అందుకే కాస్త వెనక నుంచి మొదలుపెడుతున్నాం. పోస్టు పెద్దదే, తీరిగ్గా చదవండి.

మన ఇళ్ళల్లోకి గాలిలోంచి వచ్చిన మొదటి సంగతి రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పటికి మనూరు ఇంకా ఫ్రెంచివాళ్ళ చేతుల్లోనే ఉంది. ఊరి చుట్టూ గీత, ఆ గీత మీద కస్టమ్స్ చౌకీలు. బట్ట, సారా, సెంటు సీసా ఏది దాటినా లెక్క చెప్పాల్సిందే, ఒక్క రేడియో పాటకి తప్ప. 1954 నవంబరు 1న పాలన చేతులు మారింది, 1962 ఆగస్టు 16న చట్టప్రకారం భారతదేశంలో కలిశాం. మన రాజధాని అయిన పుదుచ్చేరి రమారమి 870 కిలోమీటర్ల దూరం, అక్కడి రేడియో మాట్లాడేది తమిళం. కాబట్టి పాలన ఎటున్నా చెవి మాత్రం విజయవాడ వైపే ఉండేది. ఇవాళ్టికీ మన పిన్‌కోడు 533తో మొదలవుతుంది, టెలిఫోను కోడు కాకినాడదే, 0884. తీగైనా తరంగమైనా మనల్ని గోదావరి జిల్లాలో భాగంగానే చూశాయి తప్ప పుదుచ్చేరి ముక్కగా చూడలేదు.

అయితే ఆ రేడియో వినడానికి కూడా లైసెన్సు కావాల్సి వచ్చేది. పెద్దవాళ్ళకి గుర్తుంటుంది, పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి చిన్న పుస్తకంలో స్టాంపు వేయించుకోవడం. దాని వెనకున్నవి 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం. 1933 చట్టం చాలా గట్టిది. అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడమే నేరం, వాడాల్సిన పని కూడా లేదు. బ్రిటిషువాళ్ళు తమ భయం కొద్దీ చేసుకున్న చట్టం, స్వతంత్రం వచ్చాక మనవాళ్ళు దాన్ని జాగ్రత్తగా కాపాడుకున్నారు. రేడియో వినడానికి లైసెన్సు 1980ల మధ్యలో ఎత్తేశారు. పంపడానికి మాత్రం అలాగే ఉండిపోయింది. ఈ "పంపడం" అన్న మాట గుర్తుపెట్టుకోండి. వైఫై డబ్బా రేడియోలాగా వినేది మాత్రమే కాదు, అదొక బుల్లి ప్రసార కేంద్రం. మీ చేతిలో ఫోను ఇంకోటి. పాత చట్టం లెక్కన చూస్తే ఇవాళ మన ఇంట్లో నలుగురుంటే నలుగురూ దోషులే.

రేడియో తర్వాత టెలిఫోను. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అర్జీ పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళు మనలోనే ఉన్నారు. పసుపు బోర్డు ఎస్టీడీ బూతులు వచ్చాక, పావు చార్జీ కోసం రాత్రి పొద్దుపోయేదాకా బూతు దగ్గర వరసలో నిలబడేవాళ్ళం. ఒక్క సంగతి మాత్రం ఇక్కడ చెప్పాలి. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమ, యానాం వైపు కరెంటు స్తంభాలూ టెలిఫోను స్తంభాలూ ఒకేసారి ఒరిగిపోయాయి. బయటి ఊళ్ళలో ఉన్న పిల్లలకి ఇంట్లోవాళ్ళు బతికున్నారో లేదో తెలియడానికి రోజులు పట్టింది. తీగ మీద ఆధారపడ్డ ఊరు ఎలా తెగిపోతుందో మన తరానికి ఆ రాత్రి చూపించింది.

తీగ అందని చోట గాలి మీద కంప్యూటర్లు మాట్లాడుకోవడం అన్న ఆలోచన కూడా ఇలాంటి చోటే పుట్టింది. హవాయి దీవుల విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ అనే ఆచార్యుడికి ఒక ఇబ్బంది ఉండేది. కంప్యూటరు ఒక దీవిలో, వాడాల్సినవాళ్ళు వేరే దీవుల్లో. మధ్యలో సముద్రం. టెలిఫోను లైన్ల ఖర్చు ఎక్కువ, నమ్మకం తక్కువ. 1971లో ఆయన బృందం రేడియోతో కలిపింది. దాని పేరు అలోహానెట్. అందులో తెలివి యంత్రంలో కన్నా మర్యాదలో ఉంది. ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్ళు చెప్పేస్తారు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి మాటలు కలగాపులగమైతే, కాసేపు ఆగి మళ్ళీ చెబుతారు. మన రేవులో చేపల పాట గుర్తు తెచ్చుకోండి, అందరూ ఒక్కసారే అరిచినా చివరికి పాట తెగుతుంది. వైఫై ఇవాళ్టికీ ఈ పద్ధతి బంధువే. మాట్లాడేముందు చెవి ఒగ్గి వింటుంది, అదొక్కటే తేడా. అందుకే పక్కపక్కన ఎక్కువ డబ్బాలుంటే అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగుతూ అన్నీ నెమ్మదిస్తాయి. ఈ సంగతికి మళ్ళీ వస్తాం.

అసలు మలుపు 1985లో అమెరికాలో వచ్చింది, అదీ కొత్త యంత్రం వల్ల కాదు, ఒక ప్రభుత్వ నిబంధన వల్ల. అక్కడి ఎఫ్‌సీసీ అనే సంస్థ మూడు తరంగ పట్టీలను లైసెన్సు లేకుండా వాడుకోండని వదిలేసింది. వదిలేసినవి మంచివేం కావు. అందులో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో అప్పటికే మైక్రోవేవ్ పొయ్యిలు గోల చేస్తున్నాయి. పెద్ద కంపెనీలు పనికిరాదని పక్కన పెట్టిన పోరంబోకు అన్నమాట. ఆ పోరంబోకులోనే వైఫై మొలిచింది. ఎన్‌సీఆర్ కంపెనీవాళ్ళు దుకాణాల్లో బిల్లులు కొట్టే యంత్రాలకు తీగ లేకుండా చేద్దామని నెదర్లాండ్స్‌లో పని మొదలుపెట్టారు. విక్ హేయస్ అనే ఇంజనీరు అన్ని కంపెనీలనూ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఒకటే భాష మాట్లాడేలా ఏళ్ళ తరబడి పోరాడాడు. 1997లో 802.11 అనే ప్రమాణం వచ్చింది, వేగం 2 ఎంబీపీఎస్. 1999లో 11 ఎంబీపీఎస్ అయింది, వైఫై అన్న పేరూ ఆ ఏడాదే పెట్టారు. అదే ఏడాది జులైలో యాపిల్ కంపెనీ ఇంటివాళ్ళ కోసం అమ్మిన వైర్‌లెస్ పెట్టె ధర 299 డాలర్లు. అప్పటి మారకంలో సుమారు 13 వేల రూపాయలు. దాన్ని చవక అని లోకం మెచ్చుకుంది.

ఒకటే భాష కావడం వల్ల ఏమైందంటే, ఎవరి డబ్బా అయినా ఎవరి లాప్‌టాప్‌తోనైనా మాట్లాడగలిగింది. దాంతో ఎవరైనా తయారుచేయొచ్చు, ఎంత తక్కువకైనా అమ్మొచ్చు. తైవాన్, షెంజెన్ ఫ్యాక్టరీల పోటీ తోడై ధర జారుతూ వచ్చింది. 2002 చివర్లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రూటర్ తెచ్చింది. దాని లోపలి సాఫ్ట్‌వేరులో లైనక్స్ ఉందని బయటపడ్డాక, లైసెన్సు షరతు ప్రకారం ఆ కోడు లోకానికి ఇవ్వాల్సి వచ్చింది. దాన్ని పట్టుకుని కుర్రాళ్ళు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు తయారుచేశారు. కంపెనీ వదిలేసిన పాత డబ్బాలకు ఇప్పటికీ ప్రాణం పోస్తున్నది అదే.

మరి మనకి? మన దేశంలో ఇంటర్నెట్ జనానికి 1995 ఆగస్టు 15న వచ్చింది, వీఎస్ఎన్ఎల్ ద్వారా, పెద్ద నగరాల్లో, 250 గంటలకు వేల రూపాయల చొప్పున. యానాం లాంటి ఊళ్ళకి అది పేపర్లో చదువుకునే వార్త. మోడెం టెలిఫోను తీగలోంచి కీచుమంటూ పలికే రోజులు మనకి ఆ తర్వాతెప్పుడో వచ్చాయి, నెట్ వాడుతుంటే ఇంటికి ఫోను రాదు, ఫోను ఎత్తితే నెట్ తెగిపోతుంది.

2005 జనవరి మనకి ముఖ్యమైన నెల. ఆ నెలలోనే రెండు సంగతులు జరిగాయి, ఒకటి అందరికీ తెలిసింది, రెండోది దాదాపు ఎవరికీ తెలియదు. తెలిసింది బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్, డేటావన్ పేరుతో. 256 కేబీపీఎస్‌నే బ్రాడ్‌బ్యాండ్ అని అంతకుముందు ఏడాది విధానంలో రాసుకున్నారు. అయిదువందల ప్లానులో తెల్లవారుజామున 2 నుంచి 8 దాకా ఎంత వాడినా లెక్క లేదు. సినిమా దింపుకోవడానికి రెండింటికి అలారం పెట్టుకున్న కుర్రాళ్ళు ఇవాళ మన సంఘంలో కుటుంబీకులు. వైఫై లేని మోడెంకి అద్దె తక్కువ, ఉన్నదానికి ఎక్కువ. మనం సహజంగా తక్కువదే తీసుకున్నాం.

తెలియనిది కేంద్ర ప్రభుత్వ గెజిట్‌లో జనవరి 28న వచ్చిన నోటిఫికేషన్. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 1 వాట్ మించని శక్తితో పనిచేసే పరికరాలకు ఇక లైసెన్సు అక్కర్లేదు, ఇంట్లోనూ బయటా. దానితోపాటే 5 గిగాహెర్ట్జ్ పట్టీలో కొంత భాగాన్ని ఇంటి లోపలి వాడకానికి వదిలారు. 1933 చట్టం పిడికిలిలోంచి మన వీధి గాలి బయటపడింది ఆ రోజు. ఇవాళ కాకినాడలో కొన్నా మెయిన్ రోడ్డులో కొన్నా ఆ చిన్న డబ్బాని ఏ కాగితం లేకుండా ఇంటికి తెచ్చుకోగలుగుతున్నామంటే కారణం ఆ గెజిట్ కాగితమే. 5 గిగాహెర్ట్జ్‌ని బయటి వాడకానికి కూడా విశాలంగా తెరిచింది 2018 అక్టోబరులో. పాత 1933 చట్టం స్థానంలో ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ఉంది.

అలా విడుదలైన గాలిని మన పక్క జిల్లావాళ్ళు ఏం చేశారో చెప్పకపోతే ఈ పోస్టు పూర్తి కాదు. పశ్చిమ గోదావరిలో భీమవరం చుట్టుపక్కల పల్లెలకు బైర్రాజు ఫౌండేషన్ "అశ్విని" పేరుతో ఒక వైఫై అల్లిక అల్లింది. ఇళ్ళల్లో వాడే 802.11 రకం పరికరాలనే, దిశ చూపే యాంటెన్నాలతో కిలోమీటర్ల దూరానికి వాడారు. పల్లెలో కూర్చున్న రోగిని పట్నం డాక్టరు తెర మీద చూడటం, పిల్లలకు దూరం నుంచి పాఠాలు చెప్పడం అందులో జరిగాయి. సత్యం కంప్యూటర్స్ కుంభకోణం 2009 జనవరిలో బయటపడ్డాక ఆ సంస్థ వెలుగు తగ్గింది, అది వేరే కథ. అయితే ఆ రోజుల్లో మన దేశంలో పల్లె వైఫై మీద పనిచేసిన ఇంజనీర్లు తేల్చిన ఒక సంగతి మనకి నేరుగా పనికొస్తుంది. రేడియో డబ్బా చవక. చెట్ల మీదుగా ఒకదానికొకటి కనిపించేలా దాన్ని పైకెత్తే టవరే ఖరీదు. అంటే ఖర్చంతా పరికరంలో లేదు, దాన్ని సరైన చోట నిలబెట్టడంలో ఉంది. కిలోమీటర్ల దూరంలో నిజమైనది మన మూడు గదుల ఇంట్లో కూడా నిజమే.

ఆ తర్వాతి సంగతులు త్వరగా దాటేద్దాం. 2008లో అహ్మదాబాద్ పేలుళ్ళకు ముందు ఒక బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలో పాస్‌వర్డ్ లేని ఇంటి వైఫై నుంచి వెళ్ళింది. పోలీసులు ముందు వచ్చింది ఆ ఇంటాయన దగ్గరికే. 2009లో టెలికాం శాఖ వైఫైకి తాళం వేయించండని కంపెనీలకు ఆదేశాలిచ్చింది. ఇప్పటికీ మనలో కొందరు పాస్‌వర్డ్‌గా ఫోను నంబరు పెట్టుకుంటున్నారు, ఇంకొందరు డబ్బా అడుగున అచ్చేసిందే ఉంచేస్తున్నారు. దయచేసి మార్చండి. తాళం రకం అడిగితే డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ పెట్టండి. డబ్ల్యూఈపీ అన్నది 2001లోనే విరిగిపోయిన తాళం.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక చేతిలో ఫోనే చాలనిపించింది. 2017 డిసెంబరులో ఆంధ్రా ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి ప్రారంభించారు, నెలకి 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను. ఆ పథకం ఆంధ్ర ఇళ్ళకోసం, పుదుచ్చేరి పాలనలో ఉన్న మనల్ని ఉద్దేశించింది కాదు. కానీ గీతకి అవతల వియ్యాలవారింట్లో 149 అని విన్నాక మన కేబుల్‌వాళ్ళని ధర తగ్గించమని అడగని ఇల్లు లేదు. అంతలో 2020 మార్చి లాక్‌డౌన్. హైదరాబాదు, బెంగళూరు పిల్లలంతా లాప్‌టాప్‌లతో ఇళ్ళకి చేరారు, బడి పిల్లలు ఫోనుల్లోకి వెళ్ళారు. ఫైబర్ తీగ ప్రతి వీధికీ వచ్చింది అప్పుడే. సరిగ్గా అప్పుడే వెనక గది సమస్య కూడా బయటపడింది.

ఫ్రాన్సులో బంధువులున్నవాళ్ళకి ఒక చిన్న ముచ్చట. అక్కడ 1980లలోనే టెలిఫోను శాఖ మినిటెల్ అనే చిన్న తెర యంత్రాన్ని ఇంటింటికీ ఉచితంగా ఇచ్చింది. డబ్బు యంత్రానికి కాదు, వాడుకకి. 2012 జూన్ 30 దాకా అది నడిచింది. ఇప్పుడు మన ఫైబర్‌వాళ్ళు "డబ్బా ఫ్రీ" అంటున్నది ఆ పాత లెక్కే. ఫ్రీ డబ్బాని తప్పుపట్టట్లేదు. కానీ దాన్ని ఎక్కడ పెట్టాలన్నది వాళ్ళ సౌకర్యం చూసుకుని నిర్ణయిస్తారు. స్తంభం నుంచి తీగ ఎక్కడ ఇంట్లోకి దూరితే అక్కడే, అంటే వీధి గుమ్మం పక్కన, టీవీ వెనక, కొన్నిసార్లు ఇనప బీరువా మీద.

మన ఇళ్ళు ఎలాంటివో చూడండి. పాత వీధుల్లో ఇళ్ళ వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. ముందు అరుగు, హాలు, నడిమి గది, వంటిల్లు, దొడ్డి, అన్నీ ఒకే వరసలో. పాత గోడలు మూరెడు మందం. కొత్త కాలనీల్లో గోడ పలచనే, కానీ శ్లాబు నిండా ఇనప చువ్వల వల. ముందు గుమ్మం దగ్గరి డబ్బా నుంచి వెనక గదికి తరంగం వెళ్ళాలంటే మూడు గోడలు, ఒక ఫ్రిజ్, ఒక బీరువా దాటాలి. జగదీశ్ చంద్ర బోస్ 1895లో కలకత్తాలో గోడలు దాటించి తరంగంతో గంట మోగించిన మాట నిజమే, కానీ ఆయనకి గంట మోగితే చాలు, మనకి సినిమా ఆడాలి. 2.4 గిగాహెర్ట్జ్ గోడల్ని కాస్త బాగా దాటుతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, రెండో గోడకే నీరసపడుతుంది.

"అయితే ఎక్కువ పవరున్నది కొంటే?" అంటారు. చట్టం డబ్బాకి 1 వాట్ దాకా ఇచ్చింది సరే. మీ చేతిలో ఫోను బ్యాటరీ కాపాడుకోవాలి గనుక సాధారణంగా అందులో పదో వంతుతోనే జవాబిస్తుంది. ఏటి ఇవతల మైకులో అరిచేవాడి మాట అవతలివాడికి వినపడుతుంది, అవతలివాడు నోటితో చెప్పే జవాబు ఇవతలికి రాదు. ఫోనులో గీతలు నిండుగా ఉండి నెట్ మాత్రం గిరగిరా తిరుగుతూ ఉండేది ఇందుకే. కొమ్ములు ఆరున్నా ఎనిమిదున్నా ఈ లెక్క మారదు.

రిపీటర్ సంగతి మొదట చెప్పిన చేపల పాట లాంటిదే. ఒకటే నోరుతో విని, మళ్ళీ అదే నోరుతో చెబుతుంది కాబట్టి చవక రకాల్లో వేగం సగానికి పడుతుంది. మూడు పెడితే ముగ్గురూ ఒకే గాలిలో ఒకరికోసం ఒకరు ఆగుతూ ఉంటారు. పెద్దాయనింట్లో జరిగింది అదే.

కాబట్టి ఇంట్లో కొనాల్సింది పెద్ద రూటర్ కాదు, ఒక చిన్న యాక్సెస్ పాయింట్, దానికో తీగ. యాక్సెస్ పాయింట్ అంటే లెక్కలూ చిరునామాలూ చూసే పని ముందు గదిలోని ఫైబర్ డబ్బాకే వదిలేసి, గాలిలో మాట్లాడే పని మాత్రం చేసే పెట్టె. ముందు గది నుంచి వెనక గది దాకా లాన్ కేబుల్ లాగి దాని చివర ఈ పెట్టె పెడితే, వెనక గదికి ముందు గదంత వేగం వస్తుంది. వైర్‌లెస్ బాగా పనిచేయాలంటే వైరు కావాలనడం వింతగానే ఉంటుంది, కానీ భీమవరం టవరు మన ఇంటికొచ్చేసరికి ఈ తీగ రూపమెత్తిందనుకోండి.

దీనికి విడిగా యాక్సెస్ పాయింట్ అని అచ్చేసిన పెట్టే కొనాలని లేదు. ఇళ్ళకోసం అమ్మే మామూలు రూటర్లలో చాలావాటికి యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటుంది, కొనేముందు అది ఉందా అని అడగండి. రెండు పట్టీలూ పనిచేయాలి. వెనకున్న లాన్ పోర్టులు గిగాబిట్‌వా 100 ఎంబీపీఎస్‌వా అన్నది తప్పకుండా చూడండి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. డబ్బా మీద ఏసీ 1200 అని ఉంటుంది. ఆ 1200 అన్నది 300, 867 కలిపి గుండ్రంగా చేసిన అంకె, ఏ ఒక్క ఫోనుకీ అంత రాదు. చవకవాటిలో వెనక పోర్టు 100 దగ్గరే ఆగుతుంది. మీ ప్లాను 100 లోపైతే దానితో ఇబ్బంది లేదు, సుఖంగా కొనుక్కోండి. 200, 300 ప్లాను కడుతుంటే మాత్రం గిగాబిట్‌దే తీసుకోండి. ఈ రాస్తున్న నాటికి మొదటి రకం పదిహేను వందల చుట్టూ, రెండో రకం రెండు నుంచి మూడు వేల మధ్య దొరుకుతున్నాయి. వైఫై 6 అని ఉన్నది కాస్త ఎక్కువైనా నాలుగైదేళ్ళు వాడతారు గనుక న్యాయమే. అంతకు మించి పెట్టాల్సిన ఇల్లు మన సంఘంలో మాకు కనిపించలేదు.

మంగళవారం సంతకి గీత అవతల నుంచి జనం విదేశీ సరుకు కోసం వచ్చేవాళ్ళని తాతలు చెప్పే ఊరు మనది, కాబట్టి యానాంలో చవకేమో అన్న ఆశ ఉంటుంది. 2017 జులై 1 నుంచి జీఎస్టీ ఒకటే, రూటర్ మీద 18 శాతం, ఇక్కడైనా కాకినాడైనా. పెట్రోలు, మందు లెక్క దీనికి పట్టదు. ధరలో నాలుగైదు వందలు మిగుల్చుకోవడం కన్నా, పాడైతే మార్చి ఇచ్చే దుకాణం దగ్గరలో ఉండటం మేలు.

అసలు కొనేముందు అటక మీద చూడండి. పాత రూటర్ ఉంటే చాలు. దాని సెట్టింగుల్లోకి వెళ్ళి డీహెచ్‌సీపీ అన్నది ఆపేయాలి. ఫైబర్ డబ్బా చిరునామా 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వాలి. తీగని వ్యాన్ అని రాసిన రంధ్రంలో కాకుండా లాన్ రంధ్రంలో గుచ్చాలి. పేరు, పాస్‌వర్డ్ ముందు గదివే పెడితే ఫోను దానంతటదే దగ్గరిదాన్ని ఎంచుకుంటుంది. 2.4 పట్టీలో ఒకదానికొకటి అడ్డురాని చానళ్ళు మూడే: 1, 6, 11. ముందుది 1 అయితే వెనకది 6 పెట్టండి, పక్కింటివాళ్ళనీ అడగండి. గోడ కలిసిన ఇళ్ళల్లో ఇది వీధంతా కలిసి మాట్లాడుకోవాల్సిన విషయం, సంఘం ఉన్నది ఇలాంటివాటికే.

తీగ కొనేటప్పుడు నికరమైన రాగిదే అడగండి, క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ సగం ధరకే ఇస్తారు, ఏటి గాలికి మూడో ఏడు చివర్లు పొడిపొడిగా రాలతాయి. 100 మీటర్ల దాకా ఏ బాధా లేదు, మన ఇల్లు ఎంత పొడవైనా అందులో మూడో వంతు ఉండదు. కరెంటు వైరు వెళ్ళే గొట్టంలో కలిపి లాగొద్దు. డాబా మీద నుంచి పక్క డాబాకి రాగి తీగ కట్టి నెట్ పంచుకోవడం అసలే వద్దు. ఈదురుగాలుల రోజుల్లో పిడుగు పడితే ఆ తీగ వెంట రెండిళ్ళలోకీ వస్తుంది.

ఇంకొకటి మనూరికే ప్రత్యేకం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మన కాలనీల్లోకి నీళ్ళు వచ్చాయి. 1986 ఆగస్టు చూసినవాళ్ళకి అది కొత్త కాదు. డబ్బా, దాని అడాప్టరు, ప్లగ్గు మూడూ కిటికీ సజ్జ ఎత్తుకి పెట్టించండి. ఎత్తులో ఉంటే బీరువాలూ మనుషులూ అడ్డురారు, సిగ్నల్‌కీ అదే మంచిది. 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి తగిలిస్తే కరెంటు పోయినా రెండు మూడు గంటలు నెట్ ఉంటుంది. అయితే ముందు గది ఫైబర్ డబ్బాకి, వెనక గది పెట్టెకి రెండింటికీ ఉండాలి. ఒకదానికే పెడితే ఉపయోగం లేదు.

దుకాణాల్లో ఇప్పుడు వైఫై 7 మాట వినిపిస్తోంది. 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు లేకుండా ఇంటి లోపల తక్కువ శక్తితో వాడుకోవడానికి కేంద్రం 2025 మేలో ముసాయిదా నిబంధనలు ప్రకటించింది. గాలి ఇంకాస్త విడుదల కావడం సంతోషమే. కానీ 6 గిగాహెర్ట్జ్ మన మూరెడు గోడ ముందు 5 కన్నా ఇంకా బలహీనం. దానికోసం పదివేలు పెట్టేవాళ్ళు ముందు తీగ లాగించుకోండి, గదికొక పెట్టె తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

మన హాలులో 305 మీటర్ల క్యాట్ 6 తీగ చుట్ట ఒకటి, క్రింపింగ్ చేసే పనిముట్టు ఒకటి తెచ్చి ఉంచాం. వచ్చే ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా మేం నలుగురం అక్కడే ఉంటాం. ముందు గుమ్మం నుంచి వెనక గది దాకా గోడ వెంట ఎన్ని అడుగులో కొలుచుకుని రండి, అంత తీగ కొన్న ధరకే కోసి చివర్లు బిగించి ఇస్తాం. అటక మీది పాత రూటర్ ఉంటే అడాప్టరుతో సహా తీసుకురండి, సెట్టింగు అక్కడే చేసేద్దాం. ఆన్‌లైన్ పరీక్షలున్న పిల్లల ఇళ్ళకి ముందు.